వెనక షట్టర్

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే సందుల్లో ఒకటుంది. పెద్ద పెద్ద రాతిబండల మధ్యనుంచి మెలికలు తిరుగుతూ కిందికి పోతుంది. పగలు బాగానే ఉంటుంది. స్కూలుకి పోయే పిల్లలు, ఇస్త్రీ బండ్లు, ఛాన్సుల కబుర్లు చెప్పుకుంటూ టీ తాగే జూనియర్ ఆర్టిస్టులు... అందరూ తిరుగుతూనే ఉంటారు. పొద్దు గూకాక మాత్రం అటు మనిషి పోడు. ఆటో ఎక్కి ఆ సందు పేరు చెబితే, "చుట్టూ తిరిగి పోదాం సార్" అంటాడు ఆటోవాడు. ఎందుకని అడిగితే మాట మారుస్తాడు.

సందు మధ్యలో ఒక రేకుల షెడ్డుంది. సినిమాలకి సెట్లు తయారుచేసే షెడ్డు. దాని గేటు, బోర్డు అవతల పెద్దరోడ్డు మీద ఉంటాయి. వెనక వైపు సందులోకి మాత్రం ఒక ఇనప షట్టర్... ఎప్పుడూ మూసే ఉంటుంది.

చీకటి పడ్డాక ఆ షట్టర్‌ని లోపలినుంచి ఎవరో కొడతారు — అదీ దానికున్న పేరు.

ఊరికే చప్పుడు కాదంటారు విన్నవాళ్లు. తలుపు తియ్యమని కొట్టే దెబ్బ. ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ కొట్టే దెబ్బ. రహమత్ నగర్‌లో ఉండే ఒక మేకప్‌మ్యాన్ పంతానికి పోయి బండి ఆపి, షట్టర్‌కి చెవి ఆనించాడట. ఆ తర్వాత జ్వరంతో మంచం పట్టాడు. ఏం విన్నావని అడిగితే ఇప్పటికీ చెప్పడు. గాలికి రేకు కొట్టుకుంటోంది, అంతకంటే ఏం లేదని కొట్టిపారేసిన వాళ్లూ ఉన్నారు. కానీ వాళ్లూ చీకటి పడితే మెయిన్‌రోడ్డు మీదనుంచే పోయేవాళ్లు.

ఆ షట్టర్‌ని ఒక మనిషి తీసింది. తీసిన మనిషి పేరు సత్యలక్ష్మి. ఆమె నోటినుంచి విన్నవాళ్లు నాకు చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

*

సత్యలక్ష్మిది తణుకు దగ్గర పల్లె. సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని. తెరమీద గుంపులో కనబడే సైనికులకీ, పెళ్లివారికీ, ఖైదీలకీ బట్టలు కుట్టించి, తొడిగించి, షూటింగ్ కాగానే ఒంటిమీదనుంచి ఊడదీయించి మూటలు కట్టించే పని. భర్త యూనిట్ వ్యాన్ నడుపుతాడు. నెలలో సగం రోజులు ఔట్‌డోర్‌లోనే ఉంటాడు.

ఆమెకి ఒక్కడే తమ్ముడు, నాగసాయి. ఊళ్లో వడ్రంగం చేసుకుంటుంటే తనే ఇక్కడికి రప్పించి ఈ షెడ్డులో పెట్టించింది. రాజుల సింహాసనాలు, జైలు తలుపులు, గుడి ద్వారబంధాలు — అన్నీ చేసేవాడు. షూటింగ్ అయిన మర్నాడే పగలగొట్టి పారేసే వస్తువులకి కూడా నున్నగా తేలేదాకా గరుకు కాగితం పెట్టి రుద్దేవాడు. "ఎవడు చూస్తాడ్రా అంత దగ్గరికొచ్చి?" అని తోటివాళ్లు నవ్వితే, "నేను చూస్తున్నాను గదా" అనేవాడు.

నాలుగేళ్ల కిందట ఒక రాత్రి ఆ షెడ్డులో వెల్డింగ్ రవ్వ ఎగిరి థర్మకోల్ గుట్ట మీద పడింది. పక్కనే థిన్నర్ డబ్బాలు. చూస్తుండగానే ముందు సగం అంటుకుంది. గేటు దగ్గరున్నవాళ్లు బయటికి దూకారు. లోపలెక్కడో ఉన్న నాగసాయీ, ఇంకొకతనూ వెనక షట్టర్‌కి పరిగెత్తారు.

దానికి బయటినుంచి తాళం.

పనివాళ్లు మధ్యలో జారుకుంటున్నారని, సామాను పోతోందని యజమాని గోపాలకృష్ణ వేయించిన తాళం. తాళంచెవి ఆయన కారులో ఉంది. కారు బంజారా హిల్స్‌లో ఎవరో ఇచ్చిన విందు దగ్గరుంది.

ఫైరింజన్ వచ్చేదాకా ఆ ఇద్దరూ షట్టర్ కొడుతూనే ఉన్నారని చుట్టుపక్కలవాళ్లు చెప్పారు. ఆ రాత్రి సత్యలక్ష్మి ఊరవతల షూటింగ్‌లో ఉంది. ఆ చప్పుడు ఆమె వినలేదు. వినలేదు గానీ... చాన్నాళ్లపాటు కళ్లు మూసుకుంటే అదే.

షార్ట్ సర్క్యూట్ అని తేల్చారు. ఫ్యాక్టరీల్లో ప్రమాదాలు చూసే ఆఫీసొకటి ఉంటుందని ఎవరో చెబితే వెళ్లింది. అక్కడ ఒకాయన కూర్చోబెట్టి మంచిగానే మాట్లాడాడు.

"అది ఫ్యాక్టరీగా నమోదు కాలేదమ్మా. మా కిందికి రాదు."

"లోపల మనుషులు చచ్చిపోయారు గదండీ?"

"చచ్చిపోయారమ్మా, కాదనను. ఫ్యాక్టరీ ప్రమాదంలో కాదు అంటున్నాను."

ఆ ఏడాది చివర, ఫ్యాక్టరీల్లో ప్రమాదాలవల్ల ఇంతమంది పోయారని పేపర్లో ఒక లెక్క వేశారు. సత్యలక్ష్మి దాన్ని కూడబలుక్కుని చదివింది. ఆ లెక్కలో తన తమ్ముడు లేడని ఆమెకి తెలుసు. తెలిసీ రెండోసారి చదివింది.

షెడ్డుకి కొత్త రేకులొచ్చాయి. బోర్డు మీద గోపాలకృష్ణ బావమరిది పేరొచ్చింది. షట్టర్ మాత్రం పాతదే... మసి మీద నీలం రంగు కొట్టి వదిలేశారు. ఆ తర్వాతే ఈ దెయ్యం మాట పుట్టింది. గోపాలకృష్ణ దాన్ని ఖండించలేదు. అటువైపు దొంగలు రారు, అడిగేవాళ్లూ రారు... ఆయనకదే కావాలి.

సత్యలక్ష్మి ఆ సందులో అడుగు పెట్టడం మానేసింది. పగలు కూడా చుట్టూ తిరిగి మెయిన్‌రోడ్డు మీదనుంచే ఇంటికెళ్లేది. భయమా అంటే భయం కాదు. దెయ్యమే అయితే అది వాడు గదా. వాడు ఎదురుపడి ఏదైనా అడిగితే ఏం చెప్పాలో తెలియక.

*

మొన్న వానాకాలంలో ఒకరోజు మధ్యాహ్నం పట్టిన వాన సాయంత్రానికీ వదల్లేదు. మెయిన్‌రోడ్డు మీద నీళ్లు నడుముల దాకా వచ్చాయి. పోలీసులు తాడు కట్టేశారు. కొండమీద కరెంటు పోయింది. సత్యలక్ష్మి ఎక్కిన ఆటోవాడు కొంతదూరం వచ్చి, "ఇగ నాతోని కాదు" అని దింపేసి వెళ్లిపోయాడు.

అప్పుడే చీకటి పడుతోంది. ఇంటికి పోవాలంటే ఇక మిగిలింది ఒక్కటే దారి.

సందు మొదట్లో రాములు పంక్చర్ షాపుంది. తాటిపత్రి పట్టా కింద చార్జింగ్ లైటు పెట్టుకుని, గొంగళి కప్పుకుని కూర్చున్నాడు. పెద్దవాడు. సత్యలక్ష్మిని ఏళ్లుగా ఎరుగును. నాగసాయినీ ఎరుగును. ఆమె సందు వైపు తిరగడం చూసి లేచి నిలబడ్డాడు.

"చెల్లె... గిటు పోతున్నవా?"

"ఇంకో దారి లేదు రాములన్నా. అటంతా నీళ్లు."

"గీడనే కూసో. నీళ్లు తగ్గినంక పోదువు." గొంతు తగ్గించాడు. "ఇయ్యాల మంచిగ లేదు. పొద్దుగూకకముందుకెల్లే కొడుతున్నది. గట్ల ఎన్నడు కొట్టలే."

ఆమె నిలబడిపోయింది.

"నువ్వు విన్నావా?"

"ఇన్న. ఇగ ఇనలేక చెవులల్ల దూది పెట్టుకున్న." చెవిలోంచి దూది తీసి చూపించాడు. "నీ తమ్ముని గురించి నేను చెడ్డగ అంటలేను చెల్లె... గని సచ్చిపోయినోళ్లు మనోళ్లు గాదు. నా మాట ఇను."

ఆమె వినలేదు. మొండితనం కాదు, ఆ మాటకి ఆమె కాళ్లు తమంత తామే కదిలాయి.

సందులో నీళ్లు పాదాలమీదనుంచి పారుతున్నాయి. రెండువైపులా బండలు. ఫోన్ లైటు వేస్తే వాన చినుకులు తప్ప ఏమీ కనబడటం లేదు. ఎక్కడో జనరేటర్ మోత... ఏ స్టూడియోలోదో అనుకుంది. ఇంకాస్త దిగింది.

ధబ్...

ఆగింది.

ధబ్... ధబ్...

వాన చప్పుడు కాదు. రేకు కొట్టుకోవడం కాదు. ఇనుముమీద ఇనుము పడుతున్న చప్పుడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం. ఆ ఎడంలో... మళ్లీ చెయ్యెత్తడానికి ఎవరో పడుతున్న ప్రయాస.

నీలం రంగు షట్టర్ ముందుకొచ్చి నిలబడింది. లైటు వేసింది. రంగు పెచ్చులూడినచోట కింది మసి కనబడుతోంది. దెబ్బ పడ్డప్పుడల్లా షట్టర్ అడుగున, మోకాలి కంటే కిందుగా, ఒకే చోట వణుకుతోంది.

నిలబడి కొట్టడం లేదు. కూర్చునో, పడుకునో కొడుతున్నాడు.

పారిపోదామనే అనిపించింది ఆమెకి. ఆ మాట ఆమే చెప్పింది తర్వాత. చెప్పులు నీళ్లలో కొట్టుకుపోయినా తెలియలేదని చెప్పింది. అయినా వంగి, షట్టర్‌కి దగ్గరగా నోరు పెట్టి, వినబడీ వినబడనట్టు పిలిచింది.

"సాయీ..."

చప్పుడు ఆగిపోయింది.

వాన... జనరేటర్ మోత... అంతే.

ఆ తర్వాత షట్టర్‌కీ గచ్చుకీ మధ్య ఖాళీలోంచి, చెవి పక్కన పలికినంత దగ్గరగా —

"అక్కా... తాళం."

*

ఎలా పరిగెత్తిందో ఆమెకి తెలియదు. తాటిపత్రి కిందికొచ్చి పడేసరికి రాములు బిత్తరపోయాడు.

"రాడ్ ఇవ్వు. టైర్లు విప్పే పెద్ద రాడ్ ఉంది గదా, అదివ్వు."

"ఏమైంది చెల్లె? గంత ఆయాసమేంది? ఏం జేస్తవు రాడ్‌తోని?"

"తాళం పగలగొట్టాలి."

రాములు మొహం పాలిపోయింది. "తాళం పగలగొట్టుడా? పిచ్చి లేసిందా ఏంది? దాన్ని బయటికి ఇడుస్తవా?"

"విడుస్తాను."

"చెల్లె..."

"నాలుగేళ్లనుంచి కొడుతున్నాడన్నా వాడు. తియ్యండి, తియ్యండి అని కొడుతున్నాడు. ఆ రోజూ ఎవరూ తియ్యలేదు. తర్వాతా ఎవరూ తియ్యలేదు. నేనూ తియ్యలేదు... ఇటు రానేలేదు నేను." ఆమె ఏడవడం లేదు. చెయ్యి చాపే ఉంచింది. "వచ్చి ఏం చేస్తాడు? పీక్కుతింటే నన్ను తిననీ. రాడ్ ఇవ్వు."

రాములు గొంగళి తీసి పక్కన పడేశాడు. తర్వాత మూలనున్న రాడ్ తీసిచ్చాడు. ఆమె మళ్లీ వానలోకి దిగింది. కొంతదూరం పోయాక వెనక నీళ్లలో అడుగుల చప్పుడైంది. తిరిగి చూస్తే చార్జింగ్ లైటు పట్టుకుని రాములు వస్తున్నాడు. పెదవులు కదులుతున్నాయి. ఏ దేవుణ్ణి తలుచుకుంటున్నాడో.

షట్టర్ దగ్గర ఇప్పుడు ఏ చప్పుడూ లేదు.

"సాయీ..." అని పిలిచింది. జవాబు లేదు.

"పోయింది," గుసగుసగా అన్నాడు రాములు. "పోయింది చెల్లె, పోదాం నడు..."

ఆమె తాళం కొక్కెంలో రాడ్ దూర్చింది. ఒంటి బరువంతా వేసి నొక్కింది. కదల్లేదు. మళ్లీ నొక్కింది. రాములు ఒక్క క్షణం అటూ ఇటూ చూసి, లైటు బండమీద పెట్టి, తనూ ఒక చెయ్యి వేశాడు. పాత ఇనుము... మంటల్లో కాలిన ఇనుము. కీచుమంది. కొక్కెం సగానికి విరిగి నీళ్లలో పడింది.

ఇద్దరూ కిందనుంచి పట్టుకుని షట్టర్ ఎత్తారు.

ముందు వచ్చింది పొగ. కళ్లు మండే పొగ, డీజిల్ వాసన. దానితోపాటే ఇందాకటినుంచీ ఎక్కడో అనుకున్న జనరేటర్ మోత ఒక్కసారిగా మొహానికి కొట్టింది. అది స్టూడియోలోది కాదు. ఇక్కడిదే. ఈ షెడ్డు లోపల, అన్ని తలుపులూ మూసి, ఒక మూల తిరుగుతున్న జనరేటర్.

రాములు లైటు పైకెత్తాడు.

లోపల సగం రంగు వేసిన కోటగోడ. పక్కన ప్లాస్టర్‌తో పోసిన దేవతామూర్తి మొహం, మనిషికి రెండింతలుంది... తెల్లటి కళ్లతో పైకి చూస్తోంది. దాని గడ్డం దగ్గర, షట్టర్ వారగా... ఒక మనిషి.

పక్కకి ఒరిగి పడున్నాడు. చేతిలో ఇనప తాపీ. బనియను నిండా తెల్లటి ప్లాస్టర్ పొడి. మొహం నిండా కూడా.

రాములు కెవ్వుమన్నాడు. లైటు చేతిలోంచి జారబోయింది.

సత్యలక్ష్మి మోకాళ్లమీద కూలబడి ఆ మొహం తుడిచింది. పొడి చేతికంటింది. కింద వేరే మనిషి. నలభై ఏళ్లుంటాయి, మెడలో నల్ల తాడు, చెంపమీద పాత మచ్చ. తన తమ్ముడు కాదు.

ఒళ్లు వెచ్చగా ఉంది.

"అన్నా," అంది. అంతసేపటికి ఆమె గొంతు మొదటిసారి వణికింది. "దెయ్యం కాదన్నా... మనిషి. మనిషన్నా!"

ఆ తర్వాత భయపడటానికి తీరిక లేదు. రాములు తువ్వాలు తడిపి ముక్కుకి చుట్టుకుని లోపలికి ఉరికి జనరేటర్ ఆపేశాడు. ఇద్దరూ కలిసి ఆ మనిషిని కాళ్లూ చేతులూ పట్టుకుని వానలోకి ఈడ్చారు. లోపల ఇంకెవరైనా ఉన్నారేమోనని లైటు తిప్పితే షెడ్డు అవతలి కొసన, గేటు తలుపు వారగా బోర్లా పడి ఇంకొకతను కనిపించాడు. గోడ పట్టుకుని, ఆగుతూ, దగ్గుతూ వెళ్లి అతన్నీ లాక్కొచ్చారు. వానలో వెల్లకిలా పడుకోబెట్టి, సత్యలక్ష్మి ఒకరి తర్వాత ఒకరి గుండెలమీద చేతులు వేసి అదిమింది. రాములు మెయిన్‌రోడ్డు దాకా అరుస్తూ పరిగెత్తాడు. తాడు దగ్గరున్న పోలీసులొచ్చారు. అంబులెన్సు నీళ్లలో చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది.

గేటు దగ్గర దొరికినతను దగ్గాడు. వాంతి చేసుకున్నాడు. కళ్లు తెరిచాడు.

తాపీ పట్టుకున్నతను తెరవలేదు.

*

జరిగిందేమిటో మర్నాటికి బయటపడింది. పెద్ద హీరో సినిమాకి కోట సెట్టు. తెల్లారేసరికి పంపాలి. మిగతా పనివాళ్లని మధ్యాహ్నమే పంపించేసి, ప్లాస్టర్ పని బాగా వచ్చిన ఇద్దర్ని ఉంచారు. ఇద్దరిదీ శ్రీకాకుళం వైపు ఒకే ఊరు — త్రినాథరావు, సింహాచలం. సెట్టు ఫొటోలు బయటికి పొక్కకూడదని సూపర్‌వైజరు ఇద్దరి ఫోన్లూ తీసుకున్నాడు. రెండు వైపులా బయటినుంచి తాళాలేసి, అన్నం పట్టుకొస్తానని వెళ్లి, ఫ్లైఓవర్ అవతల వానలో ఇరుక్కుపోయాడు. కరెంటు పోయింది. బయట వాన కాబట్టి జనరేటర్‌ని లోపలే పెట్టారు. లోపలే తిప్పారు.

సూపర్‌వైజరు సంచిలో ఆ రెండు ఫోన్లూ మోగుతూనే ఉన్నాయట. ఇళ్లనుంచి.

గోపాలకృష్ణని పోలీసులు పట్టుకెళ్లారు. కొన్నాళ్లకి బెయిలొచ్చింది. ఏదో ఆఫీసునుంచి ఒకాయన వచ్చి షెడ్డంతా తిరిగి చూసి, "ఇది ఫ్యాక్టరీగా నమోదైందా?" అని అడిగాడు. నాలుగేళ్ల కిందటి ఆయన కాదు. ప్రశ్న మాత్రం అదే.

ఇక ఫిల్మ్‌నగర్‌లో జనం చెప్పుకున్నది వేరు. దెయ్యం ఇన్నాళ్లకి మనిషిని తీసుకుందన్నారు. ఆ సందులో పగలు కూడా నడవడం తగ్గించేశారు.

రాములు వారం రోజులు షాపు తెరవలేదు. సత్యలక్ష్మి ఇంటికొచ్చి గడప దగ్గరే కూర్చుని, "చెవులల్ల దూది పెట్టుకున్న చెల్లె," అన్నాడు. ఆమె టీ ఇస్తే తాగకుండానే లేచిపోయాడు.

*

త్రినాథరావు ఆస్పత్రిలో కాస్త కోలుకున్నాక సత్యలక్ష్మి చూడ్డానికెళ్లింది. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం ఇంకా ఉంది. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుంటే, ఆమె చెయ్యి తీసుకుని కళ్లకద్దుకున్నాడు.

"ముందు తలనొప్పమ్మా. థిన్నరు వాసనకి అనుకున్నాం. తర్వాత వాంతులు, కాళ్లు లాగేసినాయి. జనరేటర్ ఆపాలని తోచనేలేదు. అదాపితే సీకటే గదా... తెల్లారేసరికి పని తేలాల. గాలి కోసమని షట్టర్ కొట్టినాం."

"ఎవరూ రాలేదా?"

అతను పైకప్పుకేసి చూశాడు.

"వచ్చినారమ్మా. అదే సెప్తున్నాను. మాటలు ఇనబడ్డాయి. సందులోంచి మనుషులు పోతున్నారు. నాను గొంతు చించుకుని అరిసినాను. బాబూ, మేం మనుషులం, దెయ్యాలం కాదు, తాళం తియ్యండి అని అరిసినాను. బయట ఇద్దరు ఆగినారు. ఆగి..."

"ఆగి?"

"ఒకడు రెండోవాడితో అన్నాడమ్మా... మనుషులమనే అంటదంట, ఆగకు, ఉరుకు... అని."

వార్డులో ఎక్కడో ఎవరో మూలుగుతున్నారు. సత్యలక్ష్మి చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇక అరవలేకపోయినాను. ముందు గేటేవన్నా తెరుసుకుంటాదేమోనని అటు డేకురుకుంటా ఎల్లి, అక్కడే పడిపోనాను. సింహాచలం మాత్రం అక్కడే ఉండిపోయినాడు. తాపీతో కొడతానే ఉన్నాడు. ఆడి దెబ్బలు ఇనుకుంటానే కళ్లు మూతలు పడినాయి." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఒకటడగాల నిన్ను. అంతమంది ఇనీ పారిపోనారు. ఆడకూతురివి, ఒక్కదానివి... నువ్వేటికి ఆగినావమ్మా?"

"నన్ను పిలిచాడు బాబూ."

"ఎవులు?"

"మీ సింహాచలం. షట్టర్ కిందనుంచి పిలిచాడు. అక్కా, తాళం... అన్నాడు. ఆ గొంతు విన్నాక ఎలా వెళ్లిపోతాను? అదొక్కటే నాకు బాధ. రాడ్ కోసం పరిగెత్తకుండా అక్కడే ఏదో ఒక రాయి తీసుకుని కొట్టి ఉంటే, ఆ మనిషి..."

త్రినాథరావు తలగడమీదనుంచి తలెత్తాడు. ముక్కు దగ్గరి గొట్టం పక్కకి జారింది. దాన్ని సర్దుకోలేదు. ఆమె మొహంలోకే చూస్తున్నాడు.

"సింహాచలం పిలవడమేటమ్మా?" అన్నాడు మెల్లగా. "ఆడు పుట్టు మూగోడు."